అడిగే హక్కు, నడిపే బరువు

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పుట్టి పెరిగిన ఇద్దరిని ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయిన అన్న. ఇంకొకరు ఆయన చిన్నాయన బిడ్డ, అంగన్‌వాడీ టీచరుగా చేసి మానుకున్న చెల్లె. మనుషులు నా కల్పన. వాళ్ల మాటల్లో వచ్చే ఏళ్లూ, చట్టాలూ, ఉద్యమాలూ మాత్రం ఆ జిల్లా నిజంగా చూసినవే. తాగే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ గురించి రాసేవాళ్లు నీళ్ల కథ ఒకచోట, రోగం కథ ఒకచోట, ఉద్యమం కథ మరోచోట చెబుతుంటారు. నాకు ఆ మూడూ కలిసే చోటే ముఖ్యం అనిపిస్తుంది. జనం తమ ఆరోగ్యం మీద అధికారం తెచ్చుకోవడం అంటే వాళ్ల చేతికి ఏం రావాలి? ఈ అన్నాచెల్లెళ్లకు అక్కడే పడదు.

అన్న: నువ్వేమన్నా అనుకో చెల్లే, మన ఊళ్ల రోగాన్ని ఆపింది పైపు. ధర్నాలు చేసినం, కమిటీలు వేసినం, అన్నీ అయినయి. ఆఖరికి కృష్ణా నీళ్లు వచ్చి బోరు నీళ్లు తాగుడు బందయినంకనే పిల్లల కాళ్లు వంకర పోవుడు తగ్గింది. 2015 జూన్‌ల చౌటుప్పల్ల పైలాన్ కట్టి మిషన్ భగీరథ పని మొదలు పెట్టిన్రంటె, మన ఫ్లోరైడు ఊళ్లను చూసే గద.

చెల్లె: పైపు వేసింది మీరే, నేనెందుకు కాదంట? ఆ పైపు మన దిక్కు ఎట్ల తిరిగిందో చెప్పు. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరుల, మన జిల్లా గడ్డ మీద. అదే 1955ల నల్లగొండ జిల్లాల ఫ్లోరోసిస్ ఉన్నదని సిద్దిఖీ అనే డాక్టరు రాసిన వ్యాసం లండన్‌ల, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల అచ్చయింది. రోగం సంగతి లండన్ దాంక పోయింది. నీళ్లు మర్రిగూడ దాంక రాలే. సాగర్ నిండింది, ఎడమ కాలువ మిర్యాలగూడ దిక్కు, హుజూర్‌నగర్ దిక్కు పారింది. మనకు బోరింగే మిగిలింది.

అన్న: కాలువ వంపుకు పారుతది. మనది మెరక. ఎత్తిపోయాలంటె పంపులు, కరెంటు, కోట్ల పైసలు. అప్పుడు అయ్యే పని కాదది.

చెల్లె: మరి హైదరాబాదు మనకంటె వంపుల ఉన్నదా అన్నా? 2004ల కృష్ణా నీళ్లు అక్కడికి పోయినయి. మన జిల్లాల అక్కంపల్లి రిజర్వాయరు నుంచే, మన జిల్లా మీదికెల్లే పోయినయి. అంత ఎత్తుకు ఎత్తిపోసినోళ్లకు మన మెరక ఎక్కువైందా?

ఈ ప్రశ్నకు ఇంజనీరింగు పుస్తకంలో జవాబు దొరకదు. అన్న కూడా దీనికి జవాబు చెప్పడు, మాట మారుస్తాడు. ఆయన అందుకున్న కొత్త మాట కూడా బలమైనదే.

అన్న: సరే, అడిగితెనే నీళ్లు వస్తయంటున్నవు. అడిగిన్రు గద. 1996 పార్లమెంటు ఎన్నికల జలసాధన సమితోళ్లు ఊరూరు తిరిగి నామినేషన్లు వేయించిన్రు. నల్లగొండ సీటుకు 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపరు పోయి బ్యాలెట్ పుస్తకం అచ్చు వేయాల్సొచ్చింది. ఏమైంది? సీపీఐ నుంచి ధర్మభిక్షం గెలిచిండు, మనోళ్ల డిపాజిట్లు పోయినయి. మన దిక్కు, తమిళనాడుల మొడకురిచ్చి దిక్కు గిట్లనే అయిన ముచ్చట చూసి ఆ ఏడాదే చట్టం మార్చిన్రు. పార్లమెంటుకు డిపాజిట్టు 500 ఉన్నది 10,000 అయింది. గుర్తింపు పార్టీ లేనోడు నిలబడాలంటె పదిమంది ప్రతిపాదించాలన్నరు. జనం పోయి తలుపు కొడితె, లోపలోళ్లు ఇంకో గడియ పెట్టుకున్నరు. దీన్నా బలం అంటవు?

చెల్లె: నువ్వు గెలుపోటములు లెక్క పెడుతున్నవు. ఆ ఎన్నిక ముందర మన రోగం మనకు సిగ్గు. పిల్లను చూడనీకి వచ్చినోళ్లు ఒక్కసారి నవ్వమనేటోళ్లు. పండ్ల మీద గోధుమరంగు గీతలు కనపడితె చాయ తాగి లేచి పోయేటోళ్లు. ముసలోళ్లు పోయిన జన్మల చేసుకున్న పాపం అనేటోళ్లు. నామినేషన్ పేపరు మీద సంతకం పెట్టిననాడు ఆ మాట పోయింది. మేం పాపం చేయలే, సర్కారే మాకు బాకీ ఉన్నది అని నోరిడిచి చెప్పిననాడు అది. జలసాధన సమితి పెట్టిన దుశ్చర్ల సత్యనారాయణ బ్యాంకు నౌకరి ఇడిసిపెట్టి తిరిగింది ఆ మాట కోసమే. ఈ రోగంతోని ఒళ్లు వంగిపోయిన అంశల స్వామిని ఢిల్లీ దాంక తీస్కపోయి ప్రధాని వాజ్‌పేయికి చూపించింది ఆ మాట కోసమే.

అన్న: స్వామి పేరు తెస్తె నాకు గొంతు పడతది. శివన్నగూడెం పిలగాడు. 2023 జనవరిల పోయిండు. కాని ఒక్కటి చెప్పు. ఒక మనిషి తన వంగిపోయిన ఒళ్లును మోయించుకొని పోయి ప్రధాని ముందర పెడితె గాని నీళ్ల ముచ్చట కదలలేదంటె, అది జనం బలమా? వాళ్లకు జరిగిన అవమానమా?

చెల్లె: అవమానమే. ఆ అవమానం చేసింది స్వామి కాదు, తీస్కపోయినోళ్లు కాదు.

అన్న: కాదు. నేనూ గదే అంటున్న. నీళ్లు ఇచ్చుడు సర్కారు పని. అది చేయక, 'మీరే సంఘం పెట్టుకోండ్రి, మీ ఆరోగ్యం మీ చేతుల్లనే ఉన్నది' అంటె నాకు మంటగ ఉంటది. నల్గొండ టెక్నిక్ సంగతి తీస్కో. మన జిల్లా పేరు ప్రపంచమంతా తిరిగింది దానితోని. నాగపూర్‌ల నీరి సంస్థ కనిపెట్టింది. ఫ్లోరైడు నీళ్లల్ల లెక్క ప్రకారం సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి బాగ కలపాలె. గంటకు పైన కదలకుండ పెట్టాలె. మడ్డి అడుక్కు దిగుతది, పైన తేట నీళ్లు తీసుకోవాలె. చాలా మంచి పద్ధతి, చవుక పద్ధతి. కాని దాన్ని ఎవరు చెయ్యాలె? పొద్దున లేచి వంట చేసి, పత్తి ఏరనీకి పొయ్యేటామె చెయ్యాలె. దినాం చెయ్యాలె. నీళ్లల్ల ఫ్లోరైడు ఎంతున్నది, క్షారం ఎంతున్నది అన్నదాన్ని బట్టి పటిక మోతాదు మారుతది. ఎండకాలం ఒకటి, వానకాలం ఒకటి. ఆమెకు ఎవరు కొలిచి చెప్పాలె? మడ్డిల ఉన్నది ఆ ఫ్లోరైడే, దాన్ని వాకిట్ల పారబోస్తె మళ్ల భూమిలకే పోతది. ఊరికి ఒక్క ప్లాంటు పెట్టినా కథ అదే. తాళంచెవి పంచాయతీకి ఇచ్చినం. మోటరు కాలితె బాగుచేయనీకి పైస లేదు, మందు అయిపోతె తెచ్చేటోడు లేడు. తుప్పు పట్టినయి. రిపోర్టుల ఏం రాసిన్రో తెలుసా? ప్రజల భాగస్వామ్యం చాలలేదని!

చెల్లె: ఇది మాత్రం నువ్వు సత్తెం చెప్పినవ్. అంగన్‌వాడీల నాకూ అంతే. పిల్లలను తూచుడు, గుడ్లు పంచుడు, బాలింతలను చూసుడు మా పని. మీద ఏ శాఖకు ఏ లెక్క కావాలన్నా టీచరమ్మను పిలువు అనేటోళ్లు. ఓట్ల లెక్క, మరుగుదొడ్ల లెక్క, అన్నీ. సేవ అని పేరు పెట్టి జీతాన్ని గౌరవవేతనం అన్నరు. ఆశాలది ఇంకా అన్యాయం. 2022ల ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకు అవార్డు ఇచ్చింది. చేసిన పనికి పైసలు ఇంకా ముక్కలు ముక్కలుగనే వస్తయి.

అన్న: మరి ఒప్పుకున్నట్టే గద?

చెల్లె: సగం. మీరు మాకు పని ఇచ్చిన్రు, నిర్ణయం ఇయ్యలే. నువ్వు చెప్పిన సున్నం, పటిక పద్ధతి ఉన్నది చూడు, అది మాకు కావాలె అని ఏ ఊరు అడిగింది? ఊరు అడిగింది కృష్ణా నీళ్లు. మీరు ఇచ్చింది పటిక. అది పనిచేయకపోతె మళ్ల మా భాగస్వామ్యం చాలదంటిరి. బోర్లు కూడ అంతే. పాత బావులు ఎండినయి, బోర్లు లోతుకు పోయినయి, రాతి పొరల్ల ఏండ్లకొద్ది నిలిచిన నీళ్లు పైకి తెచ్చిన్రు. ఆ బోరు వేసే ముందు నీళ్లు పరీక్ష చేసి ఎవరైనా మాకు చెప్పిన్రా?

అన్న: చెప్తె అర్థమయ్యే సంగతులా అవి? 1973ల జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన దిక్కు పిల్లల మోకాళ్లు లోపలికి వంగుడు గురించి రాసిన్రు. సాగర్ కట్టినంక భూగర్భ జలాల మట్టం పెరిగింది, నీళ్లల్ల, తిండిల ఉండే సూక్ష్మ ధాతువులు మారినయి, అది సుత కారణం కావచ్చన్నరు. ఇంత చిక్కు ఉన్నది దాంట్ల. చెట్టు కింద కూర్చొని చేతులెత్తి తేల్చుకునే ముచ్చట కాదిది.

చెల్లె: కారణం తేల్చమని నేను గ్రామసభకు చెప్తలేను. తేలింది చెప్పమంటున్న. ఎంతమంది వచ్చిన్రు మన ఊళ్లకు! టేపులు పెట్టి కాళ్లు కొలిచిన్రు, మూత్రం సీసాలల్ల పట్టుకపోయిన్రు, ఫోటోలు దిగిన్రు. ఏం తేలిందో ఆ తల్లికి మళ్లొచ్చి చెప్పినోడు ఎవడు? చింతపండు తింటె ఫ్లోరైడు మూత్రంల ఎక్కువగ బయటికి పోతదని నువ్వు చెప్పిన సంస్థోళ్లే తర్వాత తేల్చిన్రు. చింతపండు మన వంటింట్ల లేని వస్తువా? ఆ ఒక్క ముక్క నా కేంద్రంల అందరికన్నా ముందు చెప్పాల్సింది. పిల్లలకు పాలు, గుడ్డు, ఆకుకూర ఎందుకు ఎక్కువ పెట్టాల్నో, మన నీళ్లకు వాటికి ఏం సంబంధమో చెప్తె, ఇంటింటికి తిరిగి చెప్పకపోతునా నేను?

శాస్త్రజ్ఞానం తనంతట తాను ఊరికి నడిచిరాదు. ఫ్లోరోసిస్‌ను అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో 1937లోనే గుర్తించారు. నల్లగొండ గురించి 1955లో రాశారు. మోకాళ్ల గురించి 1973లో రాశారు. తెలిసినవాళ్లకు ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది. తాగేవాళ్లకు తెలియడం మాత్రం ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాలేదు. చెల్లె మాట్లాడుతున్నది ఆ ఖాళీ గురించి, ఈ వాదంలో నేను ఆమె పక్కనే ఉన్నాను.

చెల్లె: జల్ జీవన్ మిషన్ 2019ల వచ్చినంక ఊరికి అయిదుగురు ఆడోళ్లకు నీళ్ల పరీక్ష నేర్పాలె అన్నరు గద. ఆ కిట్టు పని జేసేది ఒకసారి చూస్తె నీకు నా మాట అర్థమైతది. చిన్న గాజు గొట్టంల గీత దాంక నీళ్లు పోస్తరు. మందు చుక్కలు లెక్కబెట్టి వేస్తరు, ఊపుతరు. ఫ్లోరైడు లేని నీళ్లు గులాబి ఎరుపుల ఉంటయి. ఉన్నకొద్ది రంగు పసుపు దిక్కు తిరుగుతది. పక్కన రంగుల కార్డు పెట్టి పోల్చాలె. ఒక లీటరుల ఒక మిల్లీగ్రాము దాంక మంచిది, ఒకటిన్నర దాటితె తాగొద్దు. వాడకం బోరు నీళ్లు పోసి ఊపిననాడు, బడికి పోని ఒకామె ఆ గొట్టాన్ని ఎండకు పట్టుకొని చూసింది. తిప్పి తిప్పి చూసింది. 'దీన్ని సర్పంచికి చూపిస్త, ఇటు తే' అన్నది. అప్పటిదాంక ఆమె పంచాయతీ మెట్టు ఎక్కలే అన్నా.

అన్న: ఆ కిట్టు అందాజ మాత్రమే చెప్తది. మందు గడువు అయిపోతె తప్పు రంగు వస్తది. సరిగ్గ తేల్చాలంటె ల్యాబ్‌కు పోవాల్సిందే. ఇంకొక సంగతి చెప్త. రంగు చూపిస్తె జనం ఏం చేస్తరు? భయపడతరు. భయపడి ఫిల్టర్ నీళ్ల డబ్బా కొంటరు. ఇప్పుడు చూడు, నల్లాల కృష్ణా నీళ్లు వస్తున్నా ఇరవై లీటర్ల డబ్బా మోసుకపోయేటోళ్లు ఎంతమందో. ఆ ఫిల్టర్ ఫ్లోరైడుతో పాటు మంచి ఖనిజాలను సుత తీసేస్తది. వదిలిపెట్టిన మురికి నీళ్లు మోరీలకు పోతయి. పేదోడు నీళ్లకు పైసలు పెట్టుడు కొత్తగ నేర్చుకున్నడు. మీ ఎరుక తెచ్చిపెట్టింది ఇదే.

చెల్లె: సగం ఎరుక తెచ్చిపెట్టింది. బోరు నీళ్లు విషం అని చెప్పిన్రు. నల్లా నీళ్లు మంచివని కండ్ల ముందర పరీక్ష చేసి చూపించలే. నెలకోసారి ట్యాంకు కాడ అందరి ముందర చూపించుండ్రి, డబ్బా ఎవరు మోస్తరు?

అన్న: ఒకనాడు నీళ్లు రాకపోతె మళ్ల బోరు కాడికే పోతరు. అది ఆపేదెట్ల?

చెల్లె: ఆ మాట నువ్వే అంటున్నవు. 73వ సవరణ వచ్చి తాగునీళ్లు పంచాయతీల పని అని రాజ్యాంగంల రాసిన్రు. ఇప్పుడు నీళ్లు ఎక్కడో శుద్ధి అయితయి, ఎక్కడో వాల్వు తిప్పుతరు. రాకపోతె మా సర్పంచికి సుత తెలువది.

అన్న: పట్టుకున్నా నిన్ను! ఊరు ఊరే నీళ్లు శుద్ధి చేసుకోలేదని ఇప్పుడే ఒప్పుకున్నవు. వందల ఊళ్లకు ఒక్క గ్రిడ్డు వేస్తెనే మంచి నీళ్లు వచ్చినయి. గ్రిడ్డు అన్నంక వాల్వు దూరంల ఉంటది. రెండూ కావాలంటె కుదరదు.

చెల్లె: వాల్వు నాకొద్దు. వాల్వు తిప్పేటోడు నాకు జవాబు చెప్పాలె. నీళ్లు ఎందుకు రాలే, ఎప్పుడొస్తయి, రెండు దినాలు దాటితె ట్యాంకరు ఎవరు పంపాలె, ఇది కాయిదం మీద ఉండాలె. ఆ కాయిదం పంచాయతీ గోడ మీద ఉండాలె.

ఇక్కడి నుంచి మాట నీళ్లను దాటి మనుషుల వైపు పోతుంది. పోవాల్సిందే. పైపు కొత్త రోగాన్ని ఆపుతుంది కానీ, ఎముకల్లో చేరిన ఫ్లోరైడు పాడుచేసినదాన్ని వెనక్కి తిప్పదు. గట్టిపడిన వెన్నుకు మందు లేదు. నీళ్లు మారకముందు పెరిగినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు, వాళ్లకు కావాల్సింది వేరే.

చెల్లె: వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపు సంగతి చెప్పు. మెడ తిరగనోడు వెనుక నుంచి పిలిస్తె ఒళ్లంతా తిప్పి చూస్తడు. మంచం మీదికెల్లి లేవాలంటె ఇద్దరు పట్టాలె. అటువంటోణ్ని ఆటోల వేసుకొని క్యాంపుకు తీస్కపోతరు, పొద్దంతా కూర్చోబెడతరు. 40 శాతం పడితె సర్టిఫికెట్టు, పింఛను. 2023ల దివ్యాంగుల పింఛను 4,016 చేసిన్రు. 35 పడితె రూపాయి లేదు. 2016 చట్టంల 21 రకాల వైకల్యాలు రాసిన్రు, ఫ్లోరోసిస్ పేరు వాటిల లేదు. చేతులు కాళ్ల కదలిక లెక్కల్నే చూస్తరు. వానికి నొప్పి ఎంత, రాత్రి నిద్ర ఉన్నదా, చెంబు పట్టుకోగలడా, ఎవరడుగుతరు?

అన్న: గీత ఎక్కడో ఒకచోట గియ్యాలె గద. డాక్టరు గియ్యకపోతె ఎవరు గియ్యాలె? ఊరా? ఊరంటె ఎవరో నీకు తెలువదా? సర్పంచి మనుషులు, కులం పెద్దలు. ఊరి చేతికి ఇస్తె కావాల్సినోనికి 80 శాతం, దిక్కులేనోనికి సున్నా. నడవలేనోడు ఏ సభకు వస్తడు, ఎప్పుడు మాట్లాడుతడు? సంఘం సంఘం అంటవు, సంఘంల సుత గొంతు ఉన్నోనిదే నడుస్తది.

అన్న మాటల్లో నాకు అన్నింటికన్నా బరువైనది ఇది. సమాజానికి అధికారం ఇవ్వాలనేవాళ్లు చాలామంది సమాజంలోపలి దొంతర్లను చూడరు. మనిషికి దక్కాల్సింది ఊరి పేరుతో ఊరి పెద్దకు దక్కడం మనం చూడనిది కాదు.

చెల్లె: శాతం డాక్టరే వెయ్యాలె. దేన్ని చూసి వేసిండో ఆ మనిషికి తెలుగుల చదివి చెప్పాలె. ఒప్పుకోకపోతె మళ్ల అడిగే చోటు మండలంలనే ఉండాలె, జిల్లా దాంక తిప్పొద్దు. అది ఆ ఒక్క మనిషి హక్కు, ఊరికి దానితోని పని లేదు. నీళ్ల పరీక్ష మాత్రం ఊరి ముచ్చట, అది సభల చదవాలె. నువ్వు రెండూ కలుపుతున్నవు.

అన్న: సభల చదివితె ఏమైతది? కొట్లాట అయితది.

చెల్లె: ఉపాధి హామీల సామాజిక తనిఖీ ఉమ్మడి రాష్ట్రంల 2006ల మొదలైంది. మస్టరు రోల్ చదివినప్పుడు సచ్చిపోయినోని పేరు మీద కూలి పడ్డదని చెప్పింది ఎవరు? చదువురాని కూలోళ్లు. కొట్లాటలు అయినయి. తిన్న పైసలు కక్కిన్రు సుత. చదివింది బయటి నుంచి వచ్చిన చదువుకున్న పిలగాండ్లు, చెప్పింది ఊరు. సర్పంచి ఒక్కని చేతిల పెట్టలే.

అన్న: ఇప్పుడు నా భయం చెప్త విను. అడిగినోనికే వస్తదంటె, అడగలేని ఊరి గతేంది? మన దిక్కు సత్యనారాయణ లాంటోడు ఒకడు పుట్టిండు. పుట్టని చోట? ఆంధ్రల కనిగిరి దిక్కు ఊళ్లల్ల సుత ఇదే రోగం. ఊరూరికి ఒక ఉద్యమకారుడు పుట్టాలె అప్పుడే నీళ్లు అంటె అది న్యాయమా? ఇప్పుడు పార్లమెంటు డిపాజిట్టు 25,000 అయింది. ఎంతమంది వెయ్యగలరు నామినేషన్?

చెల్లె: అందుకే నామినేషన్ దాంక పోకముందే వినాలంటున్న. ఉద్యమం చేసినోళ్లకు బతుకంతా దానికే పోయింది, ఆ బాధ నాకు తెలుసు. మళ్ల ఎవరూ అంత చేయాల్సిన పని ఉండొద్దు. ట్యాంకు మీద ఇద్దరి ఫోన్ నంబర్లు రాయమను. నీళ్లు ఇచ్చేటోనిది ఒకటి, వాడు వినకపోతె వాని పైవోనిది ఒకటి. దానికి ఉద్యమకారుడు అక్కర్లేదు, ఎనిమిదో తరగతి పిల్ల ఫోన్ చేస్తది.

అన్న: నంబరు రాస్తె ఒక్క ఆపరేటరుకు పది ఊళ్ల ఫోన్లు వస్తయి. అర్ధరాత్రి సుత వస్తయి. వాడు తట్టుకుంటడా?

చెల్లె: ఇద్దరిని పెట్టుండ్రి. ముగ్గురిని పెట్టుండ్రి. అది మీ శాఖ చూసుకోవాలె, నన్నెందుకు అడుగుతవు?